పొరుగువాని సైకిలు
(దొంగతనమును గూర్చిన ఆజ్ఞపై ఒక పాఠము)

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 22:1–15, ద్వితీయోపదేశకాండము 22:1–3, 2 రాజులు 6:1–7, లూకా 19:1–10.
జ్ఞాపకముంచుకొనవలసిన వచనము: ఎఫెసీ 4:28.



దొంగతనము చేయవద్దను ఆజ్ఞ మనలో చిన్నపిల్లలకు సహితము తెలియును. లూథరన్ సంఘములలో పెరిగినవారు దానిని ఏడవ ఆజ్ఞగా నేర్చుకొనిరి. బాప్టిస్టు మొదలైన సంఘములవారు ఎనిమిదవ ఆజ్ఞగా నేర్చుకొనిరి. లెక్కించు పద్ధతి వేరైనను ఆజ్ఞ ఒక్కటే. అయితే ఆరాధనలో ఈ ఆజ్ఞ చదువబడునప్పుడు మన మనస్సు మిక్కిలి నెమ్మదిగా నుండును. ఇది మనకు కాదు, ఎవరికో చెప్పబడినది అని తలంచి తరువాతి ఆజ్ఞకై వేచియుందుము.

ఈ నెల పాఠములో ఆ ఆజ్ఞను ఒక సైకిలు ప్రక్కన నిలిపి చదువుదము. బంగారమును గూర్చియు బ్యాంకు సొమ్మును గూర్చియు చెప్పినయెడల అది మనకు దూరమని తోచును. సైకిలు అట్లు కాదు. అది మన గుమ్మము ప్రక్కను, వేపచెట్టు క్రిందను, ప్రార్థన మందిరపు గోడకు ఆనుకొనియు ఉండును. దానికి బీరువా లేదు. తాళము ఉన్నను అది చిన్నది. వీధిలోని వారందరి మంచితనమే దానికి అసలైన కావలి. కావున ఒక సైకిలు పోయినప్పుడు దొంగ సంగతి మాత్రమే గాక, ఆ వీధివారి సంగతియు బయటపడును.

1. పేదవాని తిరగటిరాయి

ద్వితీయోపదేశకాండము 24:6 చూడుడు. అప్పిచ్చినవాడు తిరగటినైనను దాని పైరాతినైనను తాకట్టుగా తీసికొనకూడదని అక్కడ చెప్పబడెను. దానిని తీసికొనుట ఆ మనుష్యుని ప్రాణమునే తాకట్టు పట్టినట్లని కారణము కూడ చూపబడెను. ఆ రాతి వెల ఎంత? కొద్దిదే. కాని ఆ రాయి లేనియెడల రేపు ఆ యింట రొట్టె లేదు. మనము వస్తువును దాని వెలనుబట్టి చూచెదము. దేవుడు దానిమీద ఆధారపడిన కడుపులనుబట్టి చూచుచున్నాడు.

మన పల్లెలలో సైకిలు అట్టిదే. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మన దేశమున సైకిళ్లు చేయు కర్మాగారములు వెలసెను. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లోను, సోనెపట్‌లో అట్లాస్ 1951లోను, లూథియానాలో హీరో 1956లోను మొదలైనవి. తరువాత మోటారు సైకిళ్లు విస్తారముగా వచ్చినను సైకిలు పోలేదు. 2011 జనాభా లెక్కల నాటికి దేశములో నూటికి సుమారు 45 ఇండ్లలో సైకిలు ఉండెను. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల నిమిత్తము డబ్బు ఇచ్చుట మొదలుపెట్టగా, హైస్కూలులో చేరు ఆడపిల్లల సంఖ్య బాగుగా పెరిగెను. రెండు చక్రములు ఒక పిల్ల చదువునే ముందుకు నడిపినవి. ఆ రెండు చక్రములను దొంగిలించినవాడు చదువునుకూడ దొంగిలించినట్లే గదా!

మన జిల్లాలోని తుళ్లూరు ప్రాంతమును తీసికొనుడు. కృష్ణానది దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ గ్రామములలో ప్రత్తి, మిరప, కూరగాయలు పండించుచు జనులు జీవించిరి. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత నూతన రాజధాని అమరావతికై ఈ ప్రాంతము నిర్ణయింపబడెను. 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూసమీకరణకు ఇచ్చిరి. భూమి గలవారికి ఇండ్ల స్థలములును ఏటేట కౌలును ఏర్పాటు చేయబడెను. భూమి లేని కూలి కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయింపబడెను. అయితే పొలములు స్థలములుగా మారిన తరువాత మిరపకోతలును ప్రత్తితీతలును ఇంటి ప్రక్కనే దొరకుట తగ్గెను. పనికై దూరపు ఊళ్లకు పోవలసివచ్చెను. దూరము పెరిగినకొలది సైకిలు విలువ పెరిగెను.

వెలగపూడిలో సచివాలయము 2016లోను, నేలపాడులో హైకోర్టు 2019లోను పని ప్రారంభించెను. కట్టడపు పనులకు దూరపు జిల్లాలనుండియు ఇతర రాష్ట్రములనుండియు వచ్చిన కూలివారు రేకుల షెడ్లలో కాపురముండిరి. 2019 తరువాత పనులు ఆగిపోయెను. 2024 తరువాత మరల సాగుచున్నవి. ఇట్లు ఒక్క తరములోనే పల్లె వీధి పట్నపు పేటగా మారుచున్నది. మునుపు వీధిలో సైకిలు కనబడగానే అది ఎవరి కుమారునిదో, ఎవరి అల్లునిదో చెప్పగలిగెడివారము. ఇప్పుడు ప్రక్క ఇంటనున్నవాని పేరే తెలియదు. పేరు తెలియనివాడును మన పొరుగువాడే అను సంగతి ఇట్టి చోటనే పరీక్షింపబడును. ఇది తుళ్లూరునకు మాత్రమే కాదు. రోడ్డు వెడల్పు కాగానే మీ గ్రామమునకును ఇదే వచ్చును.

2. ఆజ్ఞకు రెండు భాగములు

మార్టిన్ లూథరుగారు 1529లో గృహస్థులకును పిల్లలకును ఉపయోగపడునట్లు ఒక చిన్న ప్రశ్నోత్తరి వ్రాసిరి. అందులో ఈ ఆజ్ఞకు ఆయన చెప్పిన అర్థము రెండు భాగములుగా నున్నది. పొరుగువాని సొత్తును తీసికొనకూడదు, మోసపు బేరముచేత సంపాదించుకొనకూడదు అనునది మొదటిది. అతని ఆస్తియు జీవనోపాధియు వృద్ధియగుటకును భద్రముగా నుండుటకును మనము సహాయము చేయవలెను అనునది రెండవది.

మొదటి భాగమును మనలో చాలమంది గైకొంటిమని చెప్పుకొందుము. రెండవ భాగము మాట ఏమి? నా సైకిలు నా యింట నున్నది, ఎవనిదియు నేను తీయలేదు అని చెప్పినంతమాత్రమున ఆజ్ఞ నెరవేరలేదు. నా పొరుగువాని సైకిలు అతని యింట నున్నదా అని దేవుడు నన్ను అడుగుచున్నాడు.

ద్వితీయోపదేశకాండము 22:1–3 ఈ మాటనే చెప్పుచున్నది. సహోదరుని ఎద్దుగాని గొఱ్ఱెగాని త్రోవ తప్పిపోవుట చూచినవాడు చూడనట్లు తొలగిపోకూడదు. ఆ సహోదరుడు దూరమున నున్నయెడల, లేక ఎవడో తెలియనియెడల, దానిని తన యింట ఉంచి, అతడు వెదకుచు వచ్చినప్పుడు అప్పగింపవలెను. గాడిదను గూర్చియు, వస్త్రమును గూర్చియు, పోయిన ప్రతి వస్తువును గూర్చియు ఇదే విధి. సొంతదారుడు ఎవడో తెలియనప్పుడుకూడ ఈ బాధ్యత తప్పదని గమనింపుడు. నిర్గమకాండము 23:4 ఇంకను ముందుకు పోయి, పగవాని ఎద్దు తప్పిపోయినను తోలుకొనిపోయి అప్పగింపుమనుచున్నది. వీధి చివర తాళము పగులగొట్టు చప్పుడు విని దుప్పటి ముసుగు వేసికొన్నవాడు ఏమియు దొంగిలలేదు. అయినను ఆజ్ఞలో సగము విడిచెను. దొంగను చూచి అతనితో ఏకీభవించుటను కీర్తన 50:18 గద్దించుచున్నది.

3. సైకిలు పోయిన ఉదయము

ఒక దృష్టాంతము అనుకొందము. తాపీ పనివాడొకడు తన బావమరిదిని అడిగి ఒక సైకిలు తెచ్చుకొనెను. రాత్రి ఇంటి గోడ ప్రక్కన నిలిపెను. తెల్లవారి చూడగా లేదు. పని స్థలము ఆరు మైళ్లు. మేస్త్రి ఎనిమిది గంటల వరకే చూచును. ఆ దినపు కూలి పోయినది. సైకిలు తనది కాదు గనుక బావమరిది యింట తలయెత్తుట ఎట్లు అను దుఃఖము దానికి తోడయ్యెను.

ఈ దుఃఖము వేదములో నున్నది. 2 రాజులు 6లో ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రానులు నరకుచుండగా ఒకని గొడ్డలి నీళ్లలో పడెను. అది ఎరవు తెచ్చినదని అతడు మొఱ్ఱపెట్టెను. ఎలీషా ఏమి చేసెను? పిడి సరిగా బిగించితివా అని అడుగలేదు. పరుల వస్తువును జాగ్రత్తగా చూచుకొనవద్దా అని గద్దింపలేదు. అది ఎక్కడ పడినదో చూపుమనెను. అతడు చోటు చూపగా ఒక కొమ్మ నరికి అక్కడ వేసెను, ఇనుము తేలెను. రాజులతో మాటలాడు ప్రవక్త ఒక పేదవాని ఎరవు గొడ్డలికొరకు నిలిచిపోయెను. మన వీధిలో వస్తువు పోగొట్టుకొన్నవానికి ముందుగా దొరకునది సలహాలు: తాళము వేయలేదా, లోపల పెట్టుకొనరాదా అని. అవి నిజమే కావచ్చును. కాని ఆ ఉదయమున అతనికి కావలసినది పనికి పోవుటకు ఒక సైకిలు, ఫిర్యాదు వ్రాయుటకు ఒక చేయి, పోలీసు స్టేషనుకు తోడుగా ఒక మనిషి.

ఎరవు తెచ్చినవానికిని ఒక ధర్మము కలదు. నిర్గమకాండము 22:14 ప్రకారము ఎరవు తెచ్చిన పశువు యజమానుడు దగ్గర లేనప్పుడు చచ్చినయెడలగాని దెబ్బ తినినయెడలగాని, తెచ్చుకొన్నవాడే నష్టము అచ్చుకొనవలెను. కావున మన తాపీ పనివాడు బావమరిది కంటబడక తిరుగరాదు. ఆ సాయంత్రమే పోయి సంగతి చెప్పి, కొద్దికొద్దిగానైనను ఇచ్చెదనని ఒప్పుకొనవలెను. బావమరిదికూడ అతని కూలినిబట్టి గడువు ఇయ్యవలెను. బంధుత్వము తెగుట సైకిలు పోవుటకంటె గొప్ప నష్టము.

4. అనుమానము అను రెండవ దొంగతనము

ఇక ఆ ఉదయమున గోడ ప్రక్క నలుగురు చేరిరి. ఒకడు, “ఆ షెడ్లలో కుర్రాడు లేడూ, వాడే అయ్యుంటాడు బాబాయ్. నిన్న సందెవేళ ఇటే తిరిగాడు” అనెను. ఇంకొకడు ఆ బాలుని ఫొటో సంపాదించి వాట్సాపులో దొంగ అని పెట్టెను. మధ్యాహ్నమునకు పది ఊళ్లు దానిని చూచినవి. సైకిలు పోయినది ఒకనిది. పేరు పోయినది ఇంకొకనిది. సైకిలు దొరికినయెడల తిరిగి ఇయ్యవచ్చును. పేరును ఏ ఊరినుండి ఏరి తెచ్చి ఇత్తుము?

యోసేపు సంగతి జ్ఞాపకము చేసికొనుడు. ఆదికాండము 39లో అతని వస్త్రమే సాక్ష్యముగా చూపబడెను. అయినను అతడు నిర్దోషి. చేత సాక్ష్యమున్నప్పుడే మనుష్యులు అట్లు పొరబడినయెడల, సందెవేళ ఇటు తిరిగెను అను మాట ఏపాటి సాక్ష్యము? ద్వితీయోపదేశకాండము 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక ఏ నేరమును స్థిరపరచకూడదని చెప్పుచున్నది. నిర్గమకాండము 23:1–2 వట్టి పుకారు పుట్టింపవద్దనియు, కీడు చేయుటకు గుంపును వెంబడింపవద్దనియు చెప్పుచున్నది. లేవీయకాండము 19:33–34 మన మధ్య నివసించు పరదేశిని బాధింపక మనవానివలె ప్రేమింపుమని చెప్పుచున్నది. మిరపకోతల కాలమున కర్నూలు వైపునుండి పిల్లాపాపలతో గుంటూరు పల్లెలకు వచ్చువారును, కట్టడపు పనులకు వచ్చి షెడ్లలో నుండువారును ఈ వచనమునకు చెందినవారే.

మన ప్రాంతపు చరిత్రలోనే దీనికి పెద్ద సాక్ష్యమున్నది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో అది మద్రాసు రాజధానికిని విస్తరింపబడెను. దానినిబట్టి కొన్ని జాతులవారు పుట్టుకతోనే దొంగలుగా ఎంచబడిరి. వారి పేర్లు పోలీసు పట్టికలలో చేర్చబడెను. సెలవు లేక ఊరు దాటుటకు వీలులేకపోయెను. బాపట్ల సమీపమున ఎరుకల కుటుంబములకొరకు స్టువర్టుపురము అను కాలనీ 1913–14 ప్రాంతమున ఏర్పడెను. దాని నిర్వహణ రక్షణ సైన్యమువారికి అప్పగింపబడెను. వారు అక్కడ భూమి, పని, బడి ఏర్పరచిరి. అది మేలు. కాని ఒక జాతి అంతటిని నేరస్థులని పిలుచు చట్టము క్రిందనే ఆ పని జరిగెను. ఈ రెండు సంగతులను సంఘము కలిపి జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. అయినను ఊరి పేరు చెప్పగానే జనులు చూచు చూపు రద్దు కాలేదు. తరువాత 1970వ దశకము మొదలుకొని హేమలతా లవణముగారును ఆమె భర్త లవణముగారును ఆ ఊరిలో సంస్కరణ కార్యము చేసిరి. హేమలతగారు మహాకవి జాషువాగారి కుమార్తె. లవణముగారు నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడు. దేవుని నమ్మని యింటినుండి వచ్చినవారు ఆ దొంగల గుమ్మములోనికి స్నేహముతో పోయిరి. దేవుని నమ్మిన మనము ఎక్కడ నిలిచియున్నాము?

అనుమానము చేతులలోనికి దిగినప్పుడు ఏమి జరుగునో కూడ చెప్పవలెను. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో తిండిగింజలు దొంగిలెనని ఒక ఆదివాసిని పట్టి, చేతులు కట్టి, ఫొటోలు తీసికొని కొట్టిరి. అతడు మరణించెను. 2023లో న్యాయస్థానము 14 మందిని దోషులుగా తేల్చెను. ఆ ఉదయమున వారు హంతకులగుదుమని తలంచియుండరు. దొంగను పట్టితిమనియే తలంచియుందురు. నిర్గమకాండము 22:2–3 చదువుడు. రాత్రివేళ కన్నము వేయుచున్న దొంగ దెబ్బ తిని చచ్చినయెడల రక్తాపరాధము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాత చంపినయెడల రక్తాపరాధము కలదు. అనగా దొంగ ప్రాణమునకు సహితము దేవుడు కావలి పెట్టెను. దొంగ దొరికినను పోలీసులకు అప్పగింపవలెనే గాని, చెట్టుకు కట్టి కొట్టుటకు విశ్వాసికి హక్కు లేదు. ఎవడైనను కొట్టుచున్నప్పుడు అడ్డము పోవుట మన పని.

5. చౌక బేరము

దొంగిలించిన సైకిలును దొంగ తినలేడు. ఎవడో కొనవలెను. చక్రములు ఒకచోట, సీటు ఒకచోట, గొలుసు ఒకచోట, మిగిలిన ఫ్రేము పాత ఇనుప కొట్టులో. కొనువాడు లేనియెడల దొంగతనము సగము ఆగిపోవును. బాగుగానున్న సైకిలును ఎవడైనను రసీదు లేక, సందు మలుపున, సగము వెలకు తక్కువగా ఇచ్చినప్పుడు, ఆ వెలయే సంగతి చెప్పుచున్నది. సామెతలు 29:24 దొంగతో పాలుకూడినవాడు తన ప్రాణమునకే పగవాడని చెప్పుచున్నది. మన దేశపు చట్టమును అట్లే చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము, దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు కారణముండియో దురుద్దేశముతో తీసికొన్నవానికి మూడేండ్ల వరకు ఖైదు కలుగవచ్చును.

సంఘములో మనము సినిమాలను సామాన్యముగా ప్రస్తావింపము. అయినను 1948లో ఇటలీ దేశమున విట్టోరియో డి సికా అనునతడు తీసిన సైకిలు దొంగలు అను చిత్రపు కథ ఈ పాఠమునకు పనికివచ్చును. యుద్ధానంతరము రోము నగరములో పని దొరకని ఒకనికి గోడలకు కాగితములు అంటించు పని దొరకును. దానికి సైకిలు కావలెను. భార్య ఇంటి దుప్పట్లు తాకట్టు పెట్టి కుదువనుండి సైకిలును విడిపించును. మొదటి దినముననే అది పోవును. తండ్రియు చిన్న కుమారుడును విడిభాగములు అమ్ము సంతలలో వెదకుదురు. దొరకదు. కడకు ఆ తండ్రియే నిరాశలో ఇంకొకని సైకిలు ఎత్తుకొని పోవుచు పట్టుబడును. కుమారుడు చూచుచుండగా జనులు అతని కొట్టుదురు. సైకిలు యజమాని ఆ పిల్లవాని ముఖము చూచి, అతనిని పోలీసులకు అప్పగింపక విడిచిపెట్టును.

దీనిలో మనకు రెండు హెచ్చరికలున్నవి. నష్టపోయినవానిని వీధి ఒంటరిగా విడిచినయెడల, రేపు అతడే మరియొకని నష్టపరచవచ్చును. సామెతలు 30:9లో ఆగూరు ప్రార్థించినది ఈ శోధననుండి తప్పింపుమనియే. పేదరికముచేత దొంగిలి దేవుని నామమును అవమానపరతునేమో అని అతడు భయపడెను. రెండవది, ఒక్క మనుష్యుని కనికరము ఆ గొలుసును తెంచగలదు.

6. తిరిగి ఇచ్చుట

కనికరమనగా తప్పును కప్పిపుచ్చుట కాదు. వేదము దొంగతనమునకు చూపు మందు తిరిగి ఇచ్చుట. ఎద్దును దొంగిలి అమ్మినవాడు అయిదు ఎద్దులను, గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలను ఇయ్యవలెను. దొంగిలినది ప్రాణముతో చేతనే దొరికినయెడల రెండంతలు ఇయ్యవలెను (నిర్గమ 22:1, 4). తానై ఒప్పుకొన్నవాడు అసలును దానిమీద అయిదవ వంతును ఇయ్యవలెను (లేవీ 6:1–5). ఒప్పుకొన్నవానికి భారము ఎంత తేలికయో చూడుడు! తప్పిపోయినవాడు తిరిగి వచ్చు త్రోవను దేవుడు సులభము చేసెను. ఇప్పటి న్యాయ సంహిత 303వ సెక్షనులోను దీనికి దగ్గరగా ఒక ఏర్పాటున్నది. 5,000 రూపాయలకు తక్కువ విలువగల సొత్తు దొంగిలి, మొదటిసారి నేరస్థుడని తేలినవాడు, ఆ సొత్తునుగాని దాని విలువనుగాని తిరిగి ఇచ్చినప్పుడు అతనికి సమాజ సేవ శిక్షగా విధింపబడును. పాత సైకిలు సామాన్యముగా ఈ లెక్కలోనికే వచ్చును.

జక్కయ్య సంగతి మనకు తెలిసినదే. ప్రభువు అతని యింటికి పోయిన తరువాత, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు చెల్లింతునని అతడు లేచి నిలిచి చెప్పెను. ప్రభువు ముందు అతని పేరు పెట్టి పిలిచెను. తరువాత అతని చేతినుండి డబ్బు కదలెను. పౌలు ఫిలేమోనునకు వ్రాసిన పత్రికలో (18, 19 వచనములు) ఒనేసిము ఏదైనను అచ్చుకొనవలసియున్నయెడల తన లెక్కలో వేయుమనెను. దొంగిలినవాని అప్పును తన తలమీద వేసికొనుట సువార్త పని. సిలువమీద ప్రభువు చేసినది ఇదియే. ఆయన ఇద్దరు దొంగల నడుమ దొంగలలో ఒకనిగా ఎంచబడెను. వారిలో ఒకనికి పరదైసు వాగ్దానము చేసెను.

ఎఫెసీ 4:28 ఈ మార్గమును మూడు మెట్లుగా చూపుచున్నది. దొంగిలువాడు మానవలెను. తన చేతులతో మంచి పని చేయవలెను. అక్కరగలవానికి ఇచ్చునట్లు సంపాదింపవలెను. చాలమంది మొదటి మెట్టుతో తృప్తిపడుదురు. ప్రభువునకు అది చాలదు. నిన్న తీసికొన్న చేయి రేపు ఇచ్చు చేయి కావలెను. అట్లు కావలెనన్న అతనికి పని ఇచ్చువాడు ఒకడుండవలెను గదా. దొంగయని పేరుబడినవానికి కూలిపని సహితము ఇయ్యని ఊరు, అతనిని మొదటి మెట్టుమీదకూడ నిలువనీయదు.

7. సంఘము చేయదగిన పనులు

ఒకటి: ప్రతి సైకిలు ఫ్రేముమీద ఒక సంఖ్య కొట్టబడియుండును. ఒకప్పుడు పురపాలక సంఘములు పన్ను కట్టించుకొని సైకిలుకు బిళ్ళ ఇచ్చెడివి. ఆ కాలము పోయినది. కావున మందిరములో ఒక నోటుబుక్కు పెట్టి, కుటుంబమువారి సైకిలు సంఖ్యను, రంగును, కొన్న తేదీని వ్రాసికొనుట మంచిది. చదువు రానివారికి యౌవనస్థులు వ్రాసి పెట్టవలెను.

రెండు: రాత్రి కూటములకును క్రిస్మసు ఆరాధనకును వచ్చువారి సైకిళ్లను ఒకచోట నిలిపి, ఇద్దరు యౌవనస్థులు వంతులవారీగా కావలి యుండవలెను. మన సంఘస్థులవే గాక చూడవచ్చిన వారివికూడ కాయవలెను.

మూడు: సైకిలు పోయినప్పుడు ఫిర్యాదు వ్రాయుటకు ఒక పెద్ద తోడుగా పోవలెను. ఫిర్యాదు నమోదైనయెడల ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా పొందుటకు ఫిర్యాదీకి హక్కు కలదు. ఊహపై ఎవరి పేరును అందులో వ్రాయింపకూడదు.

నాలుగు: పోగొట్టుకొన్నవానికి కొన్నాళ్లు వాడుకొనుటకు ఒక సైకిలు చూచి పెట్టవలెను. స్త్రీల సమాజము పట్టెడు బియ్యపు కానుకనుండి కొంత ఇట్టి అక్కరకు వేరుచేయవచ్చును.

అయిదు: పేటలోనికి క్రొత్తగా వచ్చిన కూలి కుటుంబములను దొంగతనము జరిగిన తరువాత కాదు, ముందుగానే పోయి పలుకరింపవలెను. పేరు తెలిసినవానిని అనుమానించుట కష్టము. మనము పేరు పెట్టి పిలిచినవానికి మన వస్తువు దొంగిలుటయు కష్టమే.

ఆరు: తప్పు చేసినవాడు రాత్రివేళ కాపరి యొద్దకు వచ్చి ఒప్పుకొనదలచినయెడల అతనికి తలుపు తెరచియుండవలెను. వస్తువు యజమానికి చేరునట్లును, ఆ సంగతి వీధికెక్కకుండునట్లును కాపరి శ్రద్ధ తీసికొనవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన వీధిలో ఎవరి వస్తువైనను పోయినప్పుడు మన నోటనుండి వచ్చిన మొదటి మాట ఏది?
2. మన యింట రసీదు లేక చౌకగా కొన్న వస్తువేదైనను ఉన్నదా? దానిని ఏమి చేయవలెను?
3. ఋజువు లేక మనము దొంగయని పిలిచినవారెవరైన నున్నారా? వారి పేరును తిరిగి ఇచ్చుటకు మనము ఎవరెవరితో మాటలాడవలెను?
4. ఎరవు తెచ్చి తిరిగి ఇయ్యని వస్తువు మన యింట ఏదైనను ఉన్నదా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మా పొరుగువాని కూలియు అతని సైకిలును నీ దృష్టికి విలువగలవని మాకు నేర్పుము. చూడనట్లు తొలగిపోవు కన్నులను, తొందరపడి నిందించు నాలుకను, చౌకకు ఆశపడు చేతులను మాలో శుద్ధిచేయుము. పోగొట్టుకొన్నవారికి తోడుగా నిలుచు మనస్సు నిమ్ము. తీసికొన్నవారికి తిరిగి ఇచ్చు ధైర్యము నిమ్ము. మా వీధిలో పరదేశికి భయము లేకుండ జేయుము. దొంగల నడుమ సిలువ వేయబడిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.